రెండున్నర కందిగింజలు

తాండూరులో బరువంటే గౌరవం. ఇక్కడ నేలలోంచి బండలు తీస్తారు, కోస్తారు, నునుపు చేస్తారు, లారీలకెత్తి దేశం మీదికి పంపుతారు. కాటా మీద ఎంత ఎక్కువ తూగితే అంత మంచి రోజు. అట్లాంటి ఊళ్లో, నలభై ఏళ్లు పాలిష్ మిషన్ ముందు నిలబడ్డ అజమత్ ఇంట్లో, బరువు తగ్గించడమే బతుకుతెరువుగా గల మనిషి పుట్టడం వంశానికి కొంత అప్రతిష్ఠే. ఆ మనిషి పేరు తరన్నుమ్. వయసు ముప్ఫై ఎనిమిది. తండ్రి మిషన్ కిందికి తోసిన రాయి ఎన్ని వేల టన్నులో ఎవరూ రాసిపెట్టలేదు. కూతురు తొమ్మిదేళ్లలో తగ్గించిన బరువుకు మాత్రం రికార్డుంది: మూడు గ్రాముల నూటపది మిల్లీగ్రాములు.

ఏ పనిలో తగ్గించిందో చెప్పుకోవాలి. విదేశంలో భూమి అడుగున కొలైడర్ అనే యంత్రముంది. పరమాణువు కన్నా చిన్న కణాలను రెండు వైపులనుంచి తోలుకొచ్చి ఢీకొట్టిస్తారు. ఢీకొన్నచోట కొత్త కణాలు పుట్టి నలుదిక్కులా పారిపోతాయి. ఏది ఎటు పోయిందో పట్టుకోవడానికి చుట్టూ సిలికాన్ పలకలు పేరుస్తారు. ఒక్కో పలకలో లక్షల గళ్లు. ఆ గళ్లనే పిక్సెల్స్ అంటారు. కణం ఏ గడిలోంచి దూరిపోయిందో ఆ గడి చాడీ చెబుతుంది. చాడీలన్నీ కలిపితే దారి తెలుస్తుంది. చిక్కు ఎక్కడంటే, దారి చూడ్డానికి అడ్డం పెట్టిన వస్తువే ఆ దారిని కొంచెం వంచుతుంది. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ నెత్తిమీద నిలబడితే వచ్చిన జవాబు కూడా తప్పిపోయినట్టు. కాబట్టి సిలికాన్ పలక వెంట్రుక కన్నా పలుచగా ఉండాలి. దాన్ని మోసే పట్టీ ఇంచుమించు లేనట్టే ఉండాలి. లేనట్టు ఉంటూనే, చల్లటి గాలి జోరుగా కొడుతున్నా వణక్కుండా నిలబడాలి. జానెడున్నర పొడవున్న ఆ కార్బన్ పట్టీని డిజైన్ చేసేది తరన్నుమ్. సిలికాన్‌తో సహా దాని మొత్తం బరువు రెండు గ్రాములు దాటరాదు. సెలవు చీటీ రాసుకునే కాగితంలో సగం ఇంతకన్నా ఎక్కువ తూగుతుంది.

పని జరిగేది వికారాబాద్‌లో, అనంతగిరి గుట్టకు పోయే దారిలో, ఒక పెద్ద పరిశోధనా సంస్థకు తోకలాంటి చిన్న శాఖలో. ఇక్కడి గాలి ఊపిరితిత్తులకు మంచిదని ఒకప్పుడు రోగుల్ని పంపేవారు. ఇప్పుడు సిలికాన్‌ను పంపారు. శాఖలో మనుషులు నలుగురు, వాచ్‌మన్‌తో కలిపి. తరన్నుమ్ రోజూ తాండూరులో ప్యాసింజర్ ఎక్కి వస్తుంది, సాయంత్రం అదే దారిలో పోతుంది. తొమ్మిదేళ్లుగా కిటికీ పక్కనే కూర్చుంటుంది. కిటికీలోంచి ఏం కనిపిస్తుందని అడిగితే మాత్రం ఆలోచించుకోవలసి వస్తుంది.

ఆమె స్వభావం గురించి ఇంట్లో ఒక స్థిరాభిప్రాయం ఉంది. అజమత్‌కు నలభై ఏళ్ల మిషన్ అదురుకు వేలికొనల స్పర్శ పోయింది, మోతకు చెవులు పోయాయి. పొయ్యి మీంచి దించిన చాయ్ గ్లాసును ఆయన పూలదండ పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. తల్లి జమాలున్నీసా దక్కనీలో అనే మాటను తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది: "నీ అబ్బకు వేళ్లకొచ్చింది బేటీ, నీకు గుండెకొచ్చింది." ఈ రోగనిర్ణయానికి ఆధారాలు లేకపోలేదు. ఏడేళ్ల కింద కుదిరిన సంబంధాన్ని అవతలివాళ్లు వద్దన్నారని తెలిసినప్పుడు తరన్నుమ్ "అచ్ఛా" అని, చేతిలో ఉన్న బిస్కెట్ తినేసింది. పట్టీ బరువు మొదటిసారి మూడు గ్రాముల కిందికి దిగి, విదేశం నుంచి అభినందనలు వచ్చినప్పుడు కూడా "అచ్ఛా" అంది. ఆ రోజు బిస్కెట్ లేదు.

ఆమె కూడా గమనించకపోలేదు. ఏదైనా జరిగినప్పుడు, ఇక్కడ బాధ కలగాలి, ఇక్కడ సంతోషం కలగాలి అని ఆమెకు తెలుస్తుంది. తెలిసి, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు కాసేపు ఎదురుచూస్తుంది. అనౌన్స్‌మెంట్ అవుతుంది. బండి మాత్రం రాదు.

అసలు వ్యవహారం ఒక సోమవారం మొదలైంది. కొలైడర్ కమిటీవారు ఆ నెల కొత్త నిబంధన పెట్టారు: అతికించడం పూర్తయిన పట్టీని తూచి బరువు చెప్పాలి. అప్పటిదాకా ముక్కలను విడివిడిగా తూచి, జిగురు బరువును డ్రాయింగ్ ప్రకారం కలిపి, మొత్తం చెప్పేవారు. పూర్తయిన పట్టీని ఎవరూ తూచలేదు. తూచాలని తోచలేదు కూడా. పెళ్లయ్యాక పిల్లవాడి ఎత్తు ఎవరు కొలుస్తారు?

తూచారు. రెండు గ్రాముల రెండువందల నలభై మిల్లీగ్రాములు.

శాఖాధిపతి కుమారస్వామి త్రాసు వైపు, బంధువు మోసం చేసినట్టు చూశాడు. కుల్కచర్లలో పుట్టి భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. జేబులో బీపీ గోళీలు లేకుండా మీటింగుకు పోడు.

"ఇంకో పట్టీ పెట్టున్రి మేడం."

ఇంకోటి పెట్టారు. రెండువందల ముప్ఫై ఎక్కువ. మూడోది రెండువందల నలభై ఐదు. పన్నెండు పట్టీలూ వరసగా అదే తీరు.

"అంటే ఎంత ఎక్కువైనట్టు? మామూలు లెక్కల చెప్పున్రి."

తరన్నుమ్ ఒక క్షణం ఆలోచించింది. "రెండున్నర కందిగింజలు సార్."

"గంతేనా!" అని కుమారస్వామి ఊపిరి పీల్చుకుని, అంతలోనే ఆ ఊపిరి మింగేశాడు. వచ్చే వారం శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు కమిటీ రివ్యూ. కణాలు ఢీకొనే చోటికి అన్నిటికన్నా దగ్గరగా ఉండే లోపలి వరస పట్టీలను వికారాబాద్ చేయాలా, ఇంకో దేశంలోని ఇంకో లాబ్ చేయాలా అన్నది ఆ రోజు తేలుతుంది. వేరేవాళ్లకు పోతే ఈ శాఖకు చేసే పని ఉండదు. పని లేని శాఖను సంస్థ ఏంచేస్తుందో చెప్పడానికి డాక్టరేట్ అక్కర్లేదు. తరన్నుమ్ తొమ్మిదేళ్లూ పనిచేసింది ఆ లోపలి వరస కోసమే.

ఆమె ఆందోళన కోసం ఎదురుచూసింది. రాలేదు. చేతులు కడుక్కుని వెతకడం మొదలుపెట్టింది.

వారం రోజులు వెతికారు. త్రాసును అనుమానించారు. త్రాసు నిర్దోషి అని తేలింది. కార్బన్ తేమ పీల్చిందేమోనని పట్టీలను ఆరబెట్టారు. జిగురు తయారీలో తేడా వచ్చిందేమోనని కంపెనీకి రాశారు. మీ విశ్వాసానికి ధన్యవాదాలు అని కంపెనీ జవాబిచ్చింది. తరన్నుమ్ తన లెక్కలన్నీ మొదటినుంచి చేసింది. తప్పు దొరకలేదు. ఇంటినుంచి కందిగింజలు తెచ్చి తూచింది కూడా. తాండూరు కంది గింజకు వంద మిల్లీగ్రాములు అటూ ఇటూ. తన పోలిక సరైనదేనని రుజువైంది. ఆ వారంలో తేలిన విషయం అదొక్కటే.

రెండో సోమవారం పొద్దున ప్యాసింజర్ కోసం తాండూరు స్టేషన్‌లో నిలబడి ఉండగా ఈరయ్య వచ్చాడు.

ఈరయ్య శాఖలో టెక్నీషియన్. కరణ్‌కోట మనిషి, యాభై ఏడేళ్లు. ఇరవయ్యారేళ్లు ఇళ్లల్లో బండలు పరిచిన మేస్త్రీ. శాఖ కొత్తగా పెట్టినప్పుడు కొలతల యంత్రం కింద నేల పరచడానికి వచ్చాడు. పరిచాక లెవెల్ పెట్టి చూస్తే బుడగ నడిమిలోంచి కదల్లేదు. ఆ చేతులు చూసి తరన్నుమే ఆయన్ని పనిలోకి తీసుకుంది. పోయిన రెండేళ్లుగా పట్టీల మీద సిలికాన్ అతికించేది ఆ చేతులే. అజమత్‌కు పాత దోస్తు కూడా. అందుకే లాబ్‌లో ఆమెను మేడం అంటాడు, గేటు దాటాక బిడ్డా అంటాడు.

ప్లాట్‌ఫారం మీద ఒక చోట కొత్తగా బండలు పరిచారు. ఈరయ్య వాటి మీద నాలుగడుగులు వేసి, ఆగి, మడమతో రెండుసార్లు తట్టాడు. డబ్ డబ్‌మంది. ముఖం చిట్లించాడు.

"విన్నవా బిడ్డా? గుల్ల. బండ కింద సిమెంటు మాల్ సక్కగ నింపలే. పైకి సూస్తె అద్దమోలె ఉంటది, లోపటంత గాలే. ఎవడు పరిశిండో గని, వానికి రాత్రి నిద్రెట్ల పడ్తదో!"

"అందరు నీ లెక్క ఉంటరా కాకా" అంది తరన్నుమ్, రైలొచ్చే వైపు చూస్తూ.

"ఉండాలె. ఇరవయ్యారేండ్లల్ల నా చేతి కింద ఒక్క బండ గుల్ల పలకలే. గంతెందుకు, మన లాబ్‌ల పట్టీలు సూడు. ఒక్కటన్న గుల్ల ఉన్నదా?"

రైలొచ్చింది. ఎక్కారు. కిటికీ పక్కన కూర్చున్నారు. బండి కదిలాక తరన్నుమ్ నెమ్మదిగా అడిగింది.

"పట్టీలు గుల్ల ఉన్నయో లేవో నువ్వెట్ల చూశినవ్ కాకా?"

ఈరయ్య అటూ ఇటూ చూసి, చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన ఒక పుల్ల తీశాడు. కాలిపోగా మిగిలిన అగరుబత్తి పుల్ల. దుమ్ము రవ్వ కూడా పోకూడదని మనుషులే టోపీలు, ముసుగులు వేసుకుని వెళ్లే గదిలోకి, రెండేళ్లుగా, దేవుడి పటం ముందు కాలిన పుల్ల వెళ్లి వస్తోంది.

"తిట్టకు. ప్రతిసారి స్పిరిటుతోటి తుడుస్త. సిలికాన్ అతికి ఆరినంక, పట్టీని గిట్ల చెవి దగ్గర పెట్టి, పుల్లతోటి ఉత్తగ తాకిచ్చుడే. గుల్లుంటె దాని సప్పుడే వేరుంటది. మీ డ్రాయింగుల చుక్క చుక్క జిగురు పెట్టమన్నరు గద, ఆ చుక్కల నడుమంత గుల్లే. మరి ఇడుస్తమా? బండల సందులకెల్లి సిమెంటు పాలు పోశినట్టు, సిరంజితోటి పక్కకెల్లి జర పల్సటి జిగురు ఇస్త. అదే లోపటికి గుంజుకుంటది. మల్ల తాకిస్త. గట్టిగ పలుకుతది. అప్పుడుగని నా పానం నిమ్మలం గాదు."

"అన్ని పట్టీలకా?"

"ఒక్కటి ఇడ్సలే బిడ్డా. నువ్వు నమ్మి పని ఇచ్చినవు. నీ పని గుల్ల జేస్తనా?"

ధారూర్ స్టేషన్ వచ్చింది, పోయింది. తరన్నుమ్ కిటికీలోంచి చూసింది. తప్పు దొరికినందుకు సంతోషం, తప్పు దొరికిన తీరుకు కోపం, రెండూ ఒకేసారి రావలసిన సందర్భం. రెండూ రాలేదు. ఆమె డ్రాయింగుల్లో జిగురు చుక్కలు ఎక్కడ పెట్టాలో మిల్లీమీటరులో పదోవంతు వరకూ గుర్తుంది. చుక్కలు లేనిచోట ఏమీ పెట్టకూడదని ఎక్కడా లేదు. ఖాళీ వదలమంటే ఖాళీ వదలమని చెప్పాలని ఆమెకు తోచలేదు. తాండూరులో పుట్టి కూడా.

"కాకా, ఇయ్యాల రెండు కొత్త పట్టీలు చేద్దాం. వాటికి సిరంజి పెట్టకు."

"గుల్ల ఇడ్సుమంటవా?"

"ఇడ్సు."

ఈరయ్య పుల్లను మళ్లీ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ జిగురు ఆరడానికి రెండు రోజులు పడుతుంది. గురువారం పొద్దున కొత్త పట్టీని త్రాసు మీద పెట్టారు. ఒక గ్రాము తొమ్మిదివందల ఎనభై. కుమారస్వామి చేతులు జోడించి త్రాసుకు దండం పెట్టాడు. ఈరయ్య మూలన నిలబడి, తన ఇంట్లో దొంగసొమ్ము దొరికినట్టు తలవంచుకున్నాడు.

తర్వాత గాలి పరీక్ష. పట్టీని గొట్టంలో బిగించి, అసలు యంత్రంలో ఎంత జోరుగా చల్లగాలి తగులుతుందో అంత జోరుగా వదిలి, కొన ఎంత వణుకుతుందో లేజరుతో కొలుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు; అయిదు మైక్రాన్లు దాటకూడదు. ఇన్నేళ్లలో వికారాబాద్‌కు వచ్చిన కాస్త పేరూ ఈ పరీక్ష వల్లే వచ్చింది. ఇక్కడి పట్టీలు మూడు మైక్రాన్లకు మించి వణకవని ఈ రెండేళ్లలో రెండు సదస్సుల్లో చెప్పుకున్నారు.

కొత్త పట్టీ పద్నాలుగు మైక్రాన్లు వణికింది. రెండోది పదిహేను.

తరన్నుమ్ మీట నొక్కి గాలి ఆపింది. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆమె డిజైన్ తేలికగా ఉంది, నిలబడదు. ఇన్నాళ్లు నిలబడింది ఆమె డిజైన్ కాదు. సిరంజితో లోపలికి పంపిన రెండున్నర కందిగింజల జిగురు.

"నేను చెడగొట్టిననా బిడ్డా?" లాబ్‌లో ఉన్నామన్నది మరచిపోయి అడిగాడు ఈరయ్య.

"లేదు కాకా. నిలబెట్టింది నువ్వే. అదే పరేషాన్."

కుమారస్వామి ఆమెను తన గదిలోకి పిలిచి తలుపేశాడు. గోళీ వేసుకుని, నీళ్లు తాగి, గొంతు తగ్గించాడు.

"మేడం, నేనొకటి చెప్త, ఇనున్రి. బరువు కొత్త పట్టీలది చెప్దాం. వణుకుడు పాత పట్టీలది చెప్దాం. రెండు మనం కొలిచినయే. ఒక్కటన్న అబద్ధమున్నదా?"

"లేదు సార్."

"మరింకేంది?"

"రెండు ఒక్క పట్టీవి కావు."

"అని వాళ్లు అడుగుతరా?"

"అడగరు."

"మనంతట మనం చెప్పాల్నా?"

కుమారస్వామి చెడ్డవాడు కాదు. వాచ్‌మన్ పిల్లల ఫీజు సంగతి కూడా గుర్తుపెట్టుకునే మనిషి. నలుగురి జీవితాలు నిలబడే ఉపాయాన్ని, ఒక్క అబద్ధపు అంకె లేకుండా, పావుగంటలో కనిపెట్టాడు. డిజైన్‌గా చూస్తే మచ్చలేనిది. అందులో కూడా చుక్కల నడుమ ఖాళీ ఉంది, అంతే.

సాయంత్రం ఇంటికి పోయేసరికి అజమత్ అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. తరన్నుమ్ పక్కన కూర్చుని, ఆయన చెవి కోసం ఇంట్లో ఎప్పుడూ ఉంచే పలక తీసి, బలపంతో రాసింది: బండ కింద గుల్ల ఉంటే అది తప్పేనా?

అజమత్ చదివి, చెవులు పోయినవాళ్లు మాట్లాడినట్టు వీధంతా వినపడేలా అన్నాడు. "ఏ గుల్ల? అన్ని గుల్లలు ఒకటేనా? అడుగు పడేకాడ గుల్లుంటే బండ పగుల్తది. బీరువా కింద గుల్లుంటే నీ మనవలదాక గట్లనే ఉంటది. ఈరయ్యకు చెప్తే వినడు. వాడు బీరువా కింద కూడ నింపుతడు. ఖయామత్ రోజు దేవుడు ఆ బండ ఎత్తి చూస్తడని వానికి ఫికర్."

ఎదురింటివాళ్లు బయటికి వచ్చి చూశారు. తరన్నుమ్ పలక తుడిచింది. ఆ రాసిన ప్రశ్నకు జవాబు దొరికింది. రాయని ప్రశ్న ఇంకొకటుంది. అది పలక మీద పట్టేది కాదు. మరి రెండు రోజులు గడువుంటే అడుగు పడే చోట్లేవో లెక్కకట్టి, అక్కడ మాత్రమే జిగురు నింపి, ఆరబెట్టి, తూచి చూసేది. రివ్యూ రేపు.

శుక్రవారం రెండున్నరకు తెర మీద తొమ్మిది ముఖాలు వచ్చాయి. కుమారస్వామి స్వాగతం చెప్పి, వికారాబాద్ వాతావరణం గురించి రెండు ముక్కలు చెప్పి, తరన్నుమ్‌కు అప్పగించాడు. ఆమె మొదటి బొమ్మ చూపింది: పాత పట్టీలు, బరువు ఇంత, వణుకు ఇంత. రెండో బొమ్మ: కొత్త పట్టీలు, బరువు ఇంత, వణుకు ఇంత. రెండూ ఒకే కాగితం మీద, పక్కపక్కన. ఏ పట్టీ కూడా రెండు షరతులనూ ఒకేసారి తీర్చలేదని చెప్పింది. కారణం చెప్పింది. గతంలో సదస్సుల్లో చెప్పిన మూడు మైక్రాన్లు తన డిజైన్‌వి కావని కూడా చెప్పింది. ఇదంతా రైళ్ల టైంటేబుల్ చదివిన గొంతుతో చెప్పింది.

ఇది నిజాయితీయా, లేక భయపడడానికి లోపల ఏమీ లేకపోవడమా అని ఆమెకు ఒక్క క్షణం సందేహం వచ్చింది. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తట్టి చూస్తే తప్ప తెలియదు.

తెర మీద ఒక నెరసిన గడ్డం ముందుకు వంగింది. ఖాళీలు ఎక్కడున్నాయో మీ టెక్నీషియన్‌కు ఎలా తెలిసింది, స్కానర్ ఉందా అని అడిగింది. లేదు, అగరుబత్తి పుల్ల ఉంది అని చెప్పింది తరన్నుమ్.

తొమ్మిది ముఖాలూ కదలకుండా ఉండిపోయాయి. చాలాసేపు. నెట్ ఆగిపోయిందనుకుని కుమారస్వామి లేచి వెళ్లి రౌటర్ ఆపి మళ్లీ వేశాడు. దాంతో నిజంగానే ఆగిపోయింది.

కమిటీ నిర్ణయం సాయంత్రం ఆరుకు, వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద, ఆమె ఫోనుకు వచ్చింది. ఈరయ్య పక్కనే నిలబడి, ఫోను వైపు చూడకుండా పట్టాల వైపు చూస్తున్నాడు.

"ఏమొచ్చింది బిడ్డా?"

"లోపలి వరస మనకు లేదు. వేరేటోళ్లకిచ్చిన్రు."

ఈరయ్య తలపాగా తువ్వాల విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు. "మరి మనం?"

"బయటి వరస పట్టీలు మనకిచ్చిన్రు. అక్కడ రెండున్నర గ్రాములదాక పర్వాలేదట. జిగురు నింపినయైనా నడుస్తయట. లాబ్ ఉంటది."

"అంటే నా పద్ధతి తోటి చేస్తె నడుస్తదా?"

"నడుస్తది."

"నీది?"

"నాది అయిపోయింది కాకా."

రైలొచ్చింది. ఇద్దరూ ఎక్కారు. తరన్నుమ్ ఎదురుచూసింది. ధారూర్ దాటేదాకా, ఆ తర్వాత తాండూరు వచ్చేదాకా. మెడ మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టు చల్లగా, బరువుగా, అంతే. ఏడుపు కాదు. ఇంటికి పోయి విషయం చెబితే తల్లి ముఖంలోకి చూసి, "అచ్ఛా అనలేదే" అంది. తరన్నుమ్ అప్పుడు గుర్తుతెచ్చుకుని "అచ్ఛా" అంది.

సోమవారం ఆమె కొత్త డ్రాయింగ్ తెచ్చింది. పోయిన వారం చేసిన తేలిక పట్టీనే తీసుకుని, రెండు రోజులు లెక్కలు వేసి, అడుగు పడే చోట్లు ఐదు పట్టుకుంది. ఆ ఐదు చోట్ల మాత్రమే జిగురు. మిగతా చోట్ల ఏమీ వద్దు. బయటి వరసకు ఇంత పొదుపు ఎవరూ అడగలేదు. ఎందుకు చేస్తున్నారని కుమారస్వామి అడిగితే, అలవాటు సార్ అంది.

ఈరయ్య డ్రాయింగును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఈ ఐదు నింపుత. మిగతయి?"

"గుల్ల."

"గుల్లగ ఇడ్సుమని దీనిమీద రాసున్నదా?"

"ఈసారి రాశిన." ఇంగ్లిష్ అక్షరాలు చూపించింది.

"తెలుగుల రాయున్రి మేడం. కింద సంతకం పెట్టున్రి, తారీఖెయ్యిన్రి. రేపు ఎవడన్న పుల్ల వట్టుకొని తట్టి, గీ దొంగ పని ఎవడు చేశిండంటె నేను సూపియ్యాలె."

కొలైడర్ ఉన్న చోటికి అగరుబత్తి పుల్లతో వెళ్లే మనిషి ఇంకొకడు ఉండడని ఆమె చెప్పలేదు. డ్రాయింగ్ అడుగున రాసింది: 'ఇక్కడ గుల్ల ఉండవలెను. ఇది పనివాని లోపము కాదు.' సంతకం పెట్టింది. ఈరయ్య ఒక్కో అక్షరం చదువుకుని, కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ముసుగు తగిలించుకుని లోపలికి వెళ్లాడు.

అద్దం అవతల నుంచి ఆమె చూస్తూ నిలబడింది. ఐదు చోట్లా ఆయన నింపాడు. తర్వాత పుల్ల తీసి, పట్టీని చెవి దగ్గర పెట్టుకుని, ఆరో చోట తాకించాడు. చెయ్యి దానంతట అదే సిరంజి మీదికి పోయింది. ఆగింది. అద్దం వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. ఏడో చోట. మళ్లీ చూశాడు. మళ్లీ ఊపింది. పాడె కట్టేవాడు పెద్దల వైపు చూసినట్టు, చోటు చోటుకూ అనుమతి అడుగుతూ పోయాడు. పదిహేడుసార్లు. పదిహేడోసారి ఆమె తల ఊపడం కొంచెం ఆలస్యమైంది.

బుధవారం జిగురు ఆరింది. గాలి పెట్టారు. నాలుగున్నర మైక్రాన్లు. గాలి ఆపి తూచారు. రెండు గ్రాముల నలభై మిల్లీగ్రాములు.

"తక్కువైందా మేడం?" అన్నాడు ఈరయ్య.

"తక్కువైంది కాకా."

"సరిపాయెనా?"

"బయటి వరసకు మస్తు సరిపోతది."

ఈరయ్య కాసేపు త్రాసు వైపు చూసి, అడగాలా వద్దా అన్నట్టు అడిగాడు. "లోపటి వరసకైతె?"

"నలభై ఎక్కువ."

"నలభై అంటె?"

"ఒక పప్పు బద్ద."

"ఒక్క బద్దా?"

ఈరయ్య స్టూలు మీద కూర్చున్నాడు. ముసుగు కిందికి లాగి, తువ్వాలతో కళ్లు తుడుచుకుని, గదిలో ముసుగు తీయకూడదన్నది గుర్తొచ్చి మళ్లీ పైకి లాక్కున్నాడు. తరన్నుమ్ ఆయన్ని బయటికి తీసుకెళ్లి గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. ఆయన తాగేదాకా నిలబడింది. గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది.

తర్వాత తన బల్ల దగ్గరికి పోయి, డ్రాయింగ్ నకలు పరుచుకుని, ఐదు చుక్కల్లో నాలుగోదాన్ని రబ్బరుతో తుడిచింది. ఖాళీ అయిన చోటును కొంతసేపు చూసింది. మళ్లీ పెట్టడానికి పెన్సిల్ తీసింది. పెట్టలేదు.

"కాకా" అని పిలిచింది. "ఆ పుల్ల ఇటియ్యి. ఒకసారి నేను తట్టి చూస్త."